తరవాణి కుండ, బీరు బకెట్టు

ఈ రోజు తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్ళేసరికి, గంజిని పులియబెట్టుకునే తరవాణి కుండ కింద పీట తడిసి ఉంది. అడుగున వెంట్రుకవాసి బీట పడి, దాని గుండా పులిసిన నీరు చెమ్మలా ఊరుతోంది. ఏడు వేసవులు చల్లగా కాచిన కుండ అది. ఉన్న తరవాణిని పింగాణీ జాడీలోకి వంచి, పలచటి గుడ్డ కట్టి, ఎండ ఎక్కకముందే కొత్త కుండ కోసం బయలుదేరాను.

దాళ్వా కోతలయ్యాయి, కాలువలు కట్టేశారు. గట్టు పొడవునా ఎండిన బురద వాసనే. కుమ్మరి వీధిలో ఒక్కొక్క కుండనూ వేలి కణుపుతో కొట్టి, ఖంగుమని పలికినవాటినే పక్కన పెట్టించాను. ఇరుకు మెడ కుండలో నీళ్ళు ఎక్కువ చల్లగా ఉంటాయని ఆయన చెప్పినా, చేయి లోపలికి పోనిచ్చి అడుగంతా తడిమి చూడగలిగిన కుండనే తీసుకున్నాను. అడుగు అందని పాత్రలో ఏమి మిగిలిపోయిందో కంటికీ తెలియదు, చేతికీ తెలియదు.

ఇంటికి వచ్చి కుండను నీళ్ళ తొట్టిలో ముంచుతుండగా అమెరికా నుంచి మేనల్లుడి ఫోను వచ్చింది. వాడుండేది ఆరెగాన్ రాష్ట్రంలో. అక్కడి విల్లామెట్ లోయ, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూల పంటకు పేరుపొందింది. ఇంటివాడకానికి బీరు తయారుచేసుకోవడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది కనుక వాడు రెండేళ్ళుగా శ్రద్ధగా చేస్తున్నాడు. ఇక్కడ లైసెన్సు లేకుండా చేస్తే నేరం. అయినా కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పిన దాన్ని కాబట్టి ఏ సందేహం వచ్చినా నన్నే అడుగుతాడు.

"అత్తయ్యా, ఈసారి కూడా బీరు పుల్లబడి పాడైపోయింది. పందొమ్మిది లీటర్లూ పారబోశాను. పులియబెట్టడానికి గాజు సీసా కొననా, స్టీలుదా?" అన్నాడు. గొంతులో దిగులు తెలుస్తూనే ఉంది.

"ముందు నీ ప్లాస్టిక్ బకెట్టు లోపలి గోడను గోటితో గీసి చూడు నాన్నా" అన్నాను.

చూశాడు. గరుకు పీచుతో తోమిన గీతలు చుట్టూ ఉన్నాయట. మొలకెత్తించిన బార్లీ పానకాన్ని గంటసేపు మరిగించి, ఇరవై డిగ్రీలకు చల్లార్చి, దాన్ని పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్టులో తాను ఎంచుకున్నదాన్ని మాత్రమే అందులో వదలాలన్నది బీరు పద్ధతి. 1883లో కోపెన్‌హాగెన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ ఒకే కణం నుంచి శుద్ధమైన ఈస్టు సంతతిని పెంచి చూపాడు. కోరిన ఈస్టు తప్ప మరొకటి చేరకూడదన్న పట్టుదలకు అప్పటి నుంచి గట్టి ఆధారం దొరికింది. ప్లాస్టిక్ గీతల్లో దాగిన, పులుపు పుట్టించే లాక్టిక్ బాక్టీరియాకు క్రిమిసంహారక మందునీళ్ళు సరిగా తగలవు; ఆ పానకం వాటికి విందు. అందుకే కడగడం వేరు, క్రిమిరహితం చేయడం వేరు అని వాడికి మళ్ళీ చెప్పాను. మడ్డి అంటుకుని ఉన్నచోట ఎంత మంచి ద్రావణం పోసినా పని చేయదు.

గాజుకు గీతలు పడవు, గాలి చొరబడదు. కానీ నిండిన సీసా ఇరవై అయిదు కిలోలకు తగ్గదు, తడి చేతుల్లో జారితే ప్రాణం మీదికి వస్తుంది, పైగా వెలుతురు తగిలితే హాప్స్ చేదు చెడు వాసనగా మారుతుంది. నడిచీ నడవని పసిపిల్ల ఉన్న ఇంట్లో గాజు వద్దని గట్టిగానే చెప్పాను. స్టీలు అన్నిటికన్నా మంచిది. డబ్బు కూడినప్పుడు కొనుక్కోవచ్చు. ప్రస్తుతానికి చేయి దూరేంత వెడల్పు మూతి ఉన్న కొత్త బకెట్టు, నురుగు పొంగడానికి పైన నాలుగైదు లీటర్ల ఖాళీ, మెత్తని గుడ్డ తప్ప మరొకటి తగలనివ్వని కడుగుడు చాలునన్నాను. మూత మీద, లోపలి వాయువును వదిలి బయటి గాలిని రానీయని ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయని సీసాల్లోకి పట్టవద్దనీ, రెండు మూడు రోజులు ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ఒకే అంకె చూపాకే పట్టమనీ, లేకపోతే సీసాలు పేలతాయనీ కూడా చెప్పాను.

ఫోను పెట్టేసి తొట్టి దగ్గరికి వస్తే, మునిగిన కుండ ఒళ్ళంతా ఆవగింజలంత బుడగలు అంటుకుని ఉన్నాయి. ఒక్కొక్కటే విడివడి పైకి లేస్తోంది. బుడగ పుట్టిన ప్రతిచోటా కంటికి కనిపించని ఒక రంధ్రం. మా అత్తగారు తరవాణి కుండకు సబ్బు తగలనిచ్చేవారు కాదు. కొబ్బరి పీచుతో, మంచినీళ్ళతో కడిగి, అదే పూట కొత్త గంజి పోసేవారు. నిన్నటి పులుపు ఆ రంధ్రాల్లో నిలిచి రేపటి గంజికి అందేది. ఆ లాక్టిక్ బాక్టీరియాయే అక్కడ వాడి బీరును చెడగొట్టి, ఇక్కడ మా అన్నాన్ని కాపాడుతోంది. వాడికి ఏమీ గుర్తుంచుకోని గోడ కావాలి, నాకు అంతా గుర్తుంచుకునే గోడ కావాలి. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా ఇంత స్పష్టంగా ఇది నాకు ఈ రోజే కనిపించింది.

జాడీలోని తరవాణిలో పులుపు ఎంతో చూపే పీహెచ్ కాగితం ముంచితే నాలుగు దగ్గర రంగు ఆగింది. ప్రాణంతోనే ఉంది. రేపు కుండను తీసి ఆరబెట్టి, ఒక వాయి గంజి కాచి పోసి, చల్లారాక గుప్పెడు అన్నం, ఉప్పు, రెండు దబ్బాకులు వేసి, జాడీ నుంచి ఒక గ్లాసు పాత తరవాణి కలపాలి.

రాత్రి పడుకోబోయే ముందు వాడి సందేశం వచ్చింది. దుకాణంలో కొత్త బకెట్టులో మోచేతి దాకా చేయి పెట్టి తీసిన ఫొటో అది.