ముడి చమురులో పాదరసం కొలవడం: నా అనుభవం

ముడి చమురు నమూనాల్లో పాదరసం ఎంతుందో తేల్చే పని ఈ వారమే ముగించాను. పరికరం నన్ను ఏమాత్రం ఇబ్బంది పెట్టలేదు. చమురును కాల్చినప్పుడు వెలువడే పాదరసపు ఆవిరిని బంగారం పట్టి ఉంచుతుంది. ఆ బంగారాన్ని వేడిచేసి ఆవిరిని ఒక్కసారిగా వదిలిస్తే, అది 253.7 నానోమీటర్ల కాంతిని ఎంత శోషించిందో చూసి లెక్క కడతాం. కాలిబ్రేషన్ (తెలిసిన మోతాదులతో పరికరాన్ని సరిచూసుకోవడం) కూడా సాఫీగానే సాగింది.

చిక్కంతా సీసాల దగ్గర వచ్చింది. టెఫ్లాన్ పొర ఉన్న మూతలతో గాజు సీసాలు కావాలని నేను ముందే రాసిచ్చినా, స్టోర్స్ వారు చవకగా దొరికాయని పాలిథీన్ సీసాలు పంపారు. ఒకే నమూనాను మళ్లీ మళ్లీ కొలుస్తుంటే రోజులు గడిచేకొద్దీ అంకె పడిపోతూ వచ్చింది. మా పైఅధికారి అందరి ముందూ, "చేతకాకపోతే చెప్పండి, ఈ పని ఇంకొకరికి అప్పగిస్తాను" అన్నారు. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. చమురులో మూలక రూపంలో ఉన్న పాదరసం ప్లాస్టిక్ గోడల్లోకి ఇంకుతుందని, కొంత వాటిని దాటి బయటికీ పోతుందని ఎంత వివరించినా ఎవరూ చెవిన పెట్టలేదు.

చివరికి ఒక సీసాను ఖాళీ చేసి, ద్రావణితో శుభ్రంగా కడిగి, దాని గోడనుంచి చిన్న ముక్క కోసి అదే పరికరంలో కాల్చాను. పాదరసపు శిఖరం తెర మీద నిటారుగా లేచింది. వాడని సీసా ముక్కను కాలిస్తే గీత కదలనే లేదు. ఆ రెండు ఫలితాలనూ కాగితాల మీద అచ్చు తీసి పక్కపక్కన పెట్టి చూపించాక ఇక ఎవరూ నోరెత్తలేదు. ఆ పరీక్ష ఆలోచన నాదేనని గర్వంగా చెబుతాను.

ఇంత పట్టుదల ఎందుకని అడిగేవారు ఒక సంగతి గమనించాలి. ఒక పీపీబీ (వంద కోట్లలో ఒక వంతు) అంటే వెయ్యి టన్నుల చమురులో ఒక్క గ్రాము. అంత కొద్దిగా ఉన్నా పాదరసం ఏళ్ల తరబడి యంత్రాల్లో పేరుకుంటుంది. అల్జీరియాలోని స్కిక్డా సహజవాయు ద్రవీకరణ కర్మాగారంలో 1973లో అల్యూమినియం ఉష్ణ వినిమాయకాలు (ఒక ప్రవాహం నుంచి మరోదానికి వేడిని మార్చే పరికరాలు) దెబ్బతినడానికి వాయువులోని పాదరసమే కారణం.

ఈ పని చేపట్టేవారు గాజు సీసాను అంచుదాకా నింపి వెంటనే మూత బిగించాలి. పాదరసపు సల్ఫైడు రేణువులు అడుగున దిగిపోతాయి కనుక, మూత తీయకుండానే బాగా కుదిపి, అప్పటికప్పుడు నమూనా తీయాలి. పాదరసం ఎక్కువున్న నమూనా తర్వాత, బ్లాంక్ (నమూనా లేకుండా తీసే కొలత) మామూలు స్థాయికి దిగేదాకా తర్వాతిది పెట్టకూడదు. ప్లాస్టిక్ సీసాలో వచ్చిన నమూనాను మాత్రం ఇకపై నేను సంతకం చేసి తీసుకోను.