శ్రీపెరుంబుదూరు: దారే మ్యూజియం

శ్రీపెరుంబుదూరులోని రాజీవ్ గాంధీ స్మారకానికి వెళ్లిన తెలుగువాళ్లు చాలామంది పావుగంటలో బయటికి వచ్చేసి, "ఏముంది, స్తంభాలే కదా" అంటారు. వాళ్లను తప్పుపట్టలేం. మ్యూజియం అని చెప్పి తీసుకెళ్తే అద్దాల పెట్టెలు, వస్తువులు వెతుక్కుంటారు మరి. ఆ రాత్రి ఆయన ఒంటిమీదున్న బట్టల్లో మిగిలినవి ఢిల్లీలో, సఫ్దర్‌జంగ్ రోడ్డులోని ఇందిరా గాంధీ మ్యూజియంలో ఉన్నాయి. దహనం చేసిన వీర్‌భూమి కూడా అక్కడే. శ్రీపెరుంబుదూరులో ఉన్నది, ఎన్నికల సభకు వచ్చిన ఆయన్ను బాంబు పేల్చి చంపిన చోటు మాత్రమే. అందుకే మేం ఈసారి నేరుగా స్మారకానికి పోకుండా, 1991 మే 21 రాత్రి ఆయన కారు ఏ దారిన వెళ్లిందో ఆ దారినే మీనంబాకం విమానాశ్రయం నుంచి బయలుదేరాం. చెన్నైలో ఉన్న మనవాళ్లకు నా సలహా కూడా అదే. అసలు మ్యూజియం ఆ దారే.

దారి మొదలు నిజానికి మీనంబాకం కూడా కాదు, విశాఖపట్నం. ఒడిశా, ఆంధ్ర ప్రచారం ముగించుకుని ఆ సాయంత్రం ఆయన విశాఖ చేరారు. విమానంలో సమాచార వ్యవస్థ మొరాయించడంతో మద్రాసు ప్రయాణం దాదాపు ఆగిపోయింది. రాత్రికి విశాఖలోనే ఉండిపోదామని బస వైపు బయలుదేరాక, బాగుపడిందని కబురొచ్చి వెనక్కి తిరిగారు. విమానం నడిపింది కూడా ఆయనే. మద్రాసులో దిగేసరికి ఎనిమిది దాటింది. ఈ సంగతి తెలిసిన తెలుగువాడికి మీనంబాకంలో నిలబడితే ఒకలాగా ఉంటుంది.

సొంత కారుంటే విమానాశ్రయం నుంచి కత్తిపారా, పోరూరు, పూందమల్లి, ఆపైన బెంగళూరు హైవే. మొత్తం నలభై కిలోమీటర్ల లోపే. బస్సులో అయితే మెట్రోలో గిండీ దాకా వచ్చి, పోరూరు మీదుగా పూందమల్లి పోయే సిటీ బస్సు ఎక్కాలి, పూందమల్లిలో కాంచీపురం బస్సుకు మారాలి. ఇక్కడ తెలుగువాళ్లు తడబడే చోటు ఒకటుంది. ఇంగ్లీషు బోర్డు మీద పూనమల్లీ అని ఉంటుంది, జనం నోట పూందమల్లి, అరవంలో రాసేటప్పుడు కొన్ని బోర్డుల మీద పూవిరుందవల్లి. మూడూ ఒకటే ఊరు. ఇంకొకటి, వేలూరు, బెంగళూరు పోయే దూరపు బస్సులు ఎక్కేముందు శ్రీపెరుంబుదూరులో ఆగుతుందా అని కండక్టర్ని అడగండి. ఆగకపోతే ఊరు దాటి ఎక్కడో దింపుతారు, ఆ హైవే మీద వెనక్కి నడవడం ప్రమాదం.

పోరూరు కూడలిలో ఆగి చూడటానికి ఏమీ లేదు. మెట్రో పనుల వల్ల రోడ్డు తవ్వీ పూడ్చీ ఏళ్లు గడిచాయి. అయినా ఒక్క నిమిషం ఆగాలి. ఆ రాత్రి తెల్ల అంబాసిడర్ ఇక్కడా, తర్వాత పూందమల్లిలోనూ జనం కోసం ఆగింది. కారులో ఆయనతో పాటు ఇద్దరు మహిళా విలేకరులు ఇంటర్వ్యూ తీసుకుంటూ వచ్చారు, గల్ఫ్ న్యూస్ తరఫున నీనా గోపాల్, న్యూయార్క్ టైమ్స్ తరఫున బార్బరా క్రాసెట్. కారు అద్దంలోంచి జనం చేతులు పెట్టి లాగడం, పూలు విసరడం, ఆయన చేతులు కలపడం. ఊరూరా అదే జరుగుతుంటే భద్రత అన్నమాటకు అర్థం ఎంత మిగిలి ఉంటుంది? ప్రధానిగా ఉన్నప్పుడు ఎస్పీజీ, అంటే ప్రధానుల రక్షణకు పెట్టిన ప్రత్యేక దళం వలయం ఉండేది. 1989లో పదవి పోయాక అదీ పోయింది. మాజీ ప్రధానులకూ వాళ్ల కుటుంబాలకూ ఆ రక్షణ వర్తించేలా చట్టం సవరించింది 1991లో, ఈ హత్య జరిగిన తర్వాత. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు.

పూందమల్లి దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా పొండి. హత్య కేసు విచారణ జరిగిన టాడా (ఉగ్రవాద నిరోధక చట్టం) ప్రత్యేక కోర్టు ఈ ఊళ్లోనే ఉండేది. అంటే ఆయన చివరిసారి ప్రసంగించిన ఊళ్లలో ఒకదానిలోనే ఆ కేసు తీర్పూ వెలువడింది. 1998 జనవరి 28న ఇరవై ఆరు మందికీ ఉరిశిక్ష వేశారు. మరుసటి ఏడాది మే 11న సుప్రీంకోర్టు దాన్ని నలుగురికే ఉంచి, ముగ్గురికి యావజ్జీవం చేసి, పందొమ్మిది మందిని హత్యానేరం నుంచి తప్పించింది. చివరికి 2022లో, ఆ ఏడుగురిలో మే 18న పేరరివాళన్, నవంబరు 11న మిగిలిన ఆరుగురు, అందరూ విడుదలయ్యారు. పేరరివాళన్ మీద ఉన్న ముఖ్యమైన ఆరోపణ రెండు తొమ్మిది వోల్టుల బ్యాటరీలు కొనిచ్చాడని. అవి దేనికో తనకు తెలియదని అతను చెప్పిన మాటను వాంగ్మూలంలో రాయలేదని, వాంగ్మూలం తీసుకున్న సీబీఐ అధికారే చాలా ఏళ్ల తర్వాత ఒప్పుకున్నారు. స్మారకంలో ఈ చరిత్ర మీకు ఎక్కడా కనబడదు. పూందమల్లిలో చెప్పుకోవాల్సిందే.

పూందమల్లి దాటితే హైవే. ఇరుంగాట్టుకోట్టై, శ్రీపెరుంబుదూరు, ఒరగడం అంతా కార్ల ఫ్యాక్టరీలు, ఫోన్ల ఫ్యాక్టరీలు. షిఫ్టు మారే వేళల్లో కంపెనీ బస్సులు వరసకట్టి నిలబడతాయి. ఆదివారం ఉదయం ఏడుకు బయలుదేరితే మాకు రెండు చోట్ల ఆగినా తొమ్మిదిన్నరకల్లా ఊళ్లో ఉన్నాం. వారం మధ్యలో అయితే అంత ఆశ పెట్టుకోకండి.

ఊళ్లోకి వచ్చాక ఆటో ఎక్కితే మ్యూజియం అనకండి, "రాజీవ్ గాంధీ నినైవగం అణ్ణా" అనండి, నినైవగం అంటే స్మారకం. మ్యూజియం అంటే కొందరు రామానుజుల గుడి దగ్గర దింపుతారు. ఆ రాత్రి కారు నేరుగా మైదానానికి పోలేదు. ముందు దారి పక్కన ఇందిర విగ్రహం దగ్గర ఆగి, తల్లికి దండ వేసి, తర్వాత సభకు వచ్చారు. అభ్యర్థి మరగతం చంద్రశేఖర్, ఆ కుటుంబానికి పాతకాలం నుంచీ దగ్గరి మనిషి, ఆమె కోసమే ఈ ప్రయాణం. విగ్రహం నుంచి మైదానం ఎంత దగ్గరో మీ కళ్లతో చూసుకుంటేనే, కారు దిగడానికీ పేలుడుకూ మధ్య పది నిమిషాలే ఎందుకు పట్టాయో తెలుస్తుంది.

స్మారకం పన్నెండు ఎకరాల పైచిలుకు స్థలంలో ఉంది. రూపకల్పన వాస్తుశిల్పి కె.టి. రవీంద్రన్‌ది, కట్టింది కేంద్ర ప్రజాపనుల శాఖ, 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించారు. పేలుడు జరిగిన చోటు చుట్టూ ఏడు స్తంభాలు. ధర్మం, సత్యం, న్యాయం, విజ్ఞానం, త్యాగం, శాంతి, సమృద్ధి అని ఒక్కోదానికి ఒక్కో పేరు. ఏటా నేతలు వచ్చి పూలు పెట్టి కూర్చునేది ఆ మధ్యలోనే. పైకప్పు లేదు. వాస్తుపరంగా అది సరైన నిర్ణయమే అంటాను. ఆరుబయట జరిగిన చావును గదిలో పెట్టి మూస్తే అబద్ధమయ్యేది.

కానీ స్తంభాలు ఏమీ చెప్పవు. కథ మీరే వెంట తెచ్చుకోవాలి. మధ్యలో నిలబడి ఈ వరస గుర్తు చేసుకోండి. రాత్రి పది దాటింది. వేదిక దాకా ఎర్ర తివాచీ, దాని పక్కన దండలు వేసేవాళ్ల వరస. అందులో కవిత చదివి వినిపించడానికి వచ్చిన ఒక చిన్నపిల్ల, ఆమె తల్లి, వాళ్ల మధ్యలో గంధపు దండ పట్టుకున్న కళ్లజోడు మనిషి, ధను. శ్రీలంక తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈ పంపిన మానవబాంబు. అనసూయ అనే మహిళా పోలీసు ఆమెను వెనక్కి నెట్టబోతే, అందరికీ అవకాశం ఇవ్వమని రాజీవే వారించారని సాక్ష్యం. దండ వేసి, పాదాలకు వంగింది. పదీ ఇరవై ప్రాంతం. ఆయనతో పాటు మరో పదిహేను మంది దాకా పోయారు, వాళ్లలో తొమ్మిది మంది పోలీసులు. అనసూయ గాయాలతో బయటపడ్డారు.

ఈ వివరాలన్నీ మనకు తెలిసింది ఒక కెమెరా వల్ల. హంతకులు ఫోటోలు తీయడానికి తెచ్చుకున్న హరిబాబు అనే ఫోటోగ్రాఫర్ ఆ పేలుడులోనే చనిపోయాడు. కెమెరా మాత్రం పాడవకుండా అతని శవం మీద దొరికింది. పది ఫ్రేములు. ఒకదానిలో తెల్ల కుర్తా పైజామాతో, నోటుపుస్తకం పట్టుకుని విలేకరిలా నిలబడ్డ శివరాసన్, హంతక ముఠాను నడిపినవాడు. డి.ఆర్. కార్తికేయన్ నడిపిన సీబీఐ ప్రత్యేక బృందానికి కేసంతా అక్కడి నుంచే మొదలైంది. శివరాసన్, అతనితో ఉన్నవాళ్లు ఆగస్టు 20 తెల్లవారుజామున బెంగళూరు శివారు కోననకుంటెలో ఒక ఇంట్లో శవాలై దొరికారు. ఆ రోజు రాజీవ్ పుట్టినరోజు. ఆ పది ఫ్రేముల్లో మూడో నాలుగో పెద్దవి చేసి ఈ ఆవరణలో ఒక మూల పెడితే, వచ్చిన పిల్లలకు వంద ప్రసంగాల కంటే ఎక్కువ అర్థమవుతుంది. ఏడు విలువల పేర్లు ఇంత పెద్దగా నిలబెట్టిన చోట ఆ రాత్రి చనిపోయిన మిగతావాళ్లు నేపథ్యంలోకి జారిపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

తెలుగువాళ్లకు ఇంకో ముడి ఉంది. మే 20న తొలి విడత పోలింగ్ అయిపోయింది, మిగిలినవి జూన్ 12, 15 తేదీలకు వాయిదా పడ్డాయి. ఆ ఎన్నికల్లో పోటీయే చేయకుండా, పుస్తకాలు సర్దుకుని హైదరాబాదు వచ్చేద్దామనుకున్న పి.వి. నరసింహారావు జూన్ 21న, సరిగ్గా నెలకి, ప్రధాని అయ్యారు. నంద్యాల ఉప ఎన్నికలో గెలిచి లోక్‌సభకు వచ్చింది ఆ తర్వాతే. మైదానంలో నిలబడి ఈ మాట చెప్తే మా గుంపులో పెద్దాయన ఒకరు "అయితే మన దేశం లెక్క మారింది ఇక్కడేనా" అన్నారు. ఒక రకంగా అవును.

ఇక ఇబ్బందులు. నీడ తక్కువ, రాతి నేల. కత్తిరి ఎండలు, అంటే మన రోహిణికి ముందు వచ్చే అగ్ని నక్షత్రం రోజులు, సరిగ్గా మే నెలలోనే. పదకొండు దాటాక పెద్దవాళ్లను మధ్యలో నిలబెట్టకండి. మనిషికి లీటరు నీళ్లు, గొడుగు. మే 21న, ఆగస్టు 20న ప్రముఖులు వస్తారు, బందోబస్తు వల్ల మామూలు జనానికి చూడటం కుదరదు, ఆ రెండు తేదీలూ వదిలేయండి. ఫోటోలు తీసేముందు కాపలావాళ్లను అడగండి. స్తంభాల మధ్య పిల్లలను పరుగెత్తించి రీల్స్ తీసుకునేవాళ్లను మేం చూశాం. వాళ్లకు ఏం చెప్పాలో నాకు తోచలేదు.

గుడి కూడా చూడాలనుకుంటే ముందు గుడి, తర్వాత స్మారకం పెట్టుకోవాలని తోస్తుంది, ఎందుకంటే మధ్యాహ్నం గుడి తలుపులు మూస్తారు. కానీ ఎండ లెక్క చూస్తే ఉదయమే స్మారకం, సాయంత్రం తలుపులు తీశాక ఆదికేశవ పెరుమాళ్, అంటే ఆ రామానుజుల గుడే, మేలు. 1017లో రామానుజులు పుట్టిన ఊరు ఇది. ఇక్కడి ఆయన మూర్తిని 'తాన్ ఉగంద తిరుమేని' అంటారు, స్వామి తానే చూసి మెచ్చుకున్న రూపమని అర్థం. తమిళ చిత్తిరై నెలలో తిరువాదిరై, అంటే మన ఆర్ద్ర నక్షత్రం రోజున జయంతి, ఆ పది రోజులూ ఊళ్లో కాలు పెట్టే సందుండదు. మధ్యాహ్నం ఖాళీ సమయానికి హైవే హోటళ్లలో భోజనం, లేదంటే కాంచీపురం దాకా పోయి రావచ్చు, ముప్పై కిలోమీటర్ల దూరమే.

తిరుగు ప్రయాణంలో షిఫ్టు బస్సులతో పాటు వారాంతం ముగించుకుని బెంగళూరు నుంచి వచ్చే కార్లు కూడా కలుస్తాయి. ఆరు లోపు పూందమల్లి దాటేయండి. దాటలేకపోతే పోరూరులో ఎలాగూ ఆగుతారు, ఆయన కారు ఆగింది జనం కోసం, మీది సిగ్నల్ కోసం.