షెల్టర్ అక్కకు క్యాన్సర్ అని తెలిసినప్పుడు

బయాప్సీ రిపోర్టు వచ్చిన రోజుకూ, మొదటి కీమో ఎక్కించే రోజుకూ మధ్య ఎక్కువ సమయం ఉండదు. ఆ కాస్తా స్కాన్లకూ, ఓపీ చీటీలకూ, బంధువుల ఫోన్లకూ పోతుంది. ఏళ్ల తరబడి కుక్కల షెల్టర్‌ను భుజాన మోసిన అక్కకు ఈ రోజుల్లో మనం చేయగలిగిన పెద్ద సాయం ఒకటే. ఆమె తలలో ఉన్నదంతా కాగితం మీదికి దించాలి.

"ఏం కావాలన్నా అడుగక్కా" అని అందరూ అంటారు. నిజానికి ఆ మాటతో ఆమెకు ఇంకో పని తగిలించినట్టే. ఎవరికి ఏ పని చేతనవునో ఆమే ఆలోచించాలి, మొహమాటం చంపుకుని ఆమే అడగాలి. "మంగళవారం, శుక్రవారం పొద్దున కుక్కల వంట నాది" అనండి చాలు, వారంలో రెండు పొద్దులు ఆమె మనసు మీంచి దిగిపోతాయి.

ఏ షెల్టర్‌లోనైనా సగం సంగతులు రిజిస్టర్‌లో దొరకవు. నల్లది గిన్నె దగ్గర ఉంటే కరుస్తుంది, గేటు దగ్గర మాత్రం బంగారం. మూడుకాళ్లది మాత్రను అన్నంలో పెడితే ఏరి అవతల పారేస్తుంది, ఉడికిన లివర్ ముక్కలో దూరిస్తే మింగుతుంది. ఇవన్నీ రాబట్టడానికి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేయకండి. ఫోన్‌లో వీడియో పెట్టుకుని గది గదికీ ఆమె వెంట నడవండి, కుక్కను చూడగానే మాటలు వాటంతట అవే వస్తాయి. గంటకు మించి లాగొద్దు, మిగిలింది ఇంకో రోజు చూసుకోవచ్చు. తర్వాత కుక్కకొక పేజీ చొప్పున ఎక్కించండి. ఫొటో, పిలిచే పేరు, స్వభావం, రేబిస్ టీకా వేసిన తేదీ, మందు అన్నీ అందులో ఉండాలి.

మందు దగ్గర ఒక్క జాగ్రత్త. "సగం మాత్ర" అని రాయకండి, మిల్లీగ్రాముల్లో రాయండి. ఫిట్స్ వచ్చే కుక్కకు వేసే ఫినోబార్బిటోన్ 30 మి.గ్రా.లోనూ, 60 మి.గ్రా.లోనూ దొరుకుతుంది. ఈసారి షాపులో 60ది ఇస్తే ఆ సగం కాస్తా రెట్టింపు డోసు అవుతుంది. ఈ మందు పన్నెండు గంటలకోసారి పడాల్సిందే. అక్క ఆసుపత్రిలో ఉన్న రెండు రోజులు ఎవరూ వేయలేదంటే, ఒక్కసారిగా మందు ఆగినందుకు ఫిట్స్ ఒకదాని వెంట ఒకటి రావచ్చు. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కు వేసే డాక్సీసైక్లిన్ సంగతీ అంతే. వారానికి కుక్క లేచి తింటుంది కదా అని ఆపేస్తారు. మామూలుగా 28 రోజుల కోర్సు అది, మధ్యలో ఆపితే జబ్బు తిరగబెట్టవచ్చు.

కుక్కల పేజీలు అయ్యాక అప్పుల పేజీ ఒకటి పెట్టండి. చికెన్ షాపులో ఎంత బాకీ ఉంది, గ్యాస్ కనెక్షన్ ఎవరి పేరు మీద ఉంది, కరెంటు సర్వీసు నంబరు ఎంత, షెల్టర్ యూపీఐ ఎవరి ఫోన్‌లో ఉంది, ఇవన్నీ. ఆ ఫోన్ ఆపరేషన్ రోజు స్విచ్ఛాఫ్ అయి ఇంటివాళ్ల సంచిలో ఉంటుంది, ఓటీపీ దానికే వస్తుంది. ఆ లోపలే షెల్టర్ ఖాతాకు ఇంకొకరి పేరు చేర్పించుకోవాలి.

వంట గురించి కొత్తవాళ్లు పొరపాటు పడేది కొలతల్లో. సుమారు 15 కిలోల బరువుండే కుక్కలు నలభై ఉంటే రోజుకు 5 కిలోల బియ్యం, 6 కిలోల దాకా చికెన్ షాపు తలకాయలు, కాళ్లు పడతాయి. చిక్కినవాటికి, పాలిచ్చేవాటికి ఇంకాస్త ఎక్కువ. ఉల్లిపాయ, వెల్లుల్లి వద్దు, ఉప్పూ వద్దు. ఎముకలను ప్రెషర్ కుక్కర్‌లో వేలితో నొక్కితే నలిగేదాకా ఉడికించాలి, లేకపోతే ఏరి పారేయాలి. సగం ఉడికిన కోడి ఎముక సూదిలా చీలి పేగుల్లో గుచ్చుకుంటుంది. కీమో మొదలయ్యాక అక్కను ఈ గుండిగ దగ్గరికి రానీయకండి. ఏళ్లుగా ఆమె పట్టించుకోని ఆ ఉడికే చికెన్ వాసనే ఇప్పుడు కడుపులో తిప్పుతుంది.

కడుగుడు కూడా మారాలి. కుక్కపిల్లలకు రక్తవిరేచనాలు తెచ్చే పార్వో వైరస్ ఫినాయిల్‌తో చావదు, పైగా ఆ రకం మందులు పిల్లులకు విషం. ముందు మలం, మట్టి పూర్తిగా తీసేసి, సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాత లీటరు నీళ్లకు ఇంట్లో వాడే బ్లీచ్ ద్రావణం 30 మి.లీ. కలిపి పోసి పది నిమిషాలు అలా వదలాలి. మురికి మీద బ్లీచ్ పోస్తే దాని బలమంతా ఆ మురికికే సరిపోతుంది. యాసిడ్‌తో మాత్రం ఎప్పుడూ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

ఇక ఆమె ఒంటి సంగతి. కీమో ఎక్కించిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపల రక్తంలో న్యూట్రోఫిల్స్ (ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు) బాగా పడిపోవడం మామూలు, మందును బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది. ఆ రోజుల్లో జ్వరం 100.4 ఫారన్‌హీట్ తాకిందంటే అది అత్యవసరం. "పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా చూద్దాం" అన్న మాటే ప్రాణం మీదికి తెస్తుంది. మాత్రతో జ్వరం తగ్గినట్టు కనబడుతుంది, లోపల ఇన్‌ఫెక్షన్ పెరుగుతూనే ఉంటుంది. ఆసుపత్రి చేరిన గంట లోపల యాంటీబయాటిక్ మొదలుకావాలి. కాబట్టి రాత్రి రెండింటికి బండి తీసేది ఎవరో పేరుతో సహా ముందే రాసి గోడకు అంటించండి. ఎవరూ దొరక్కపోతే 108కు ఫోన్ చేయాలి. అత్యవసర విభాగంలో అడుగుపెట్టగానే "కీమో నడుస్తోంది, జ్వరం ఉంది" అని గట్టిగా చెప్పాలి, ఓపీ క్యూలో కూర్చోకూడదు.

కుక్కలను ముట్టుకోకూడదా అంటే, పూర్తిగా మానాల్సిన పని సాధారణంగా ఉండదు. పనులు వేరుచేసుకోవాలి. గదులు కడగడం, విరేచనాలవుతున్న కుక్కపిల్లలను ఎత్తుకోవడం, పిల్లుల మలం ఎత్తడం, గజ్జి కుక్కలకు స్నానం చేయించడం, కొత్తగా పట్టుకొచ్చినవాటిని చూడడం, ఇవన్నీ ఇంకొకరి చేతికి పోవాలి. వానాకాలం మూత్రం కలిసిన నీళ్లలో చెప్పుల్లేకుండా నడిస్తే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా సోకే ప్రమాదం ఉంది. కెనెల్ కాఫ్‌కు (కుక్కల అంటుదగ్గు) ముక్కులో వేసే టీకాలో ప్రాణమున్న బ్యాక్టీరియా ఉంటుంది, అది వేసేటప్పుడు ఆమె పక్కన ఉండకూడదు. రొమ్ము క్యాన్సర్‌కు చంకలో గ్రంథులు తీసినవైపు చేత్తో గొలుసు పట్టకూడదు. ఆ చేతికి చిన్న గీరుడు పడ్డా వాపు, ఇన్‌ఫెక్షన్ తొందరగా వస్తాయి. చేతికి పిక్ లైన్ (కీమో ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నని గొట్టం) ఉంటే పిల్లిని ఒళ్లో పెట్టుకోవడమూ వద్దు.

రేబిస్ విషయంలో షెల్టర్ జనాలకు ఒక ధీమా ఉంటుంది: "నేను టీకాలు ముందే వేయించుకున్నా, రెండు బూస్టర్లు చాలు." కీమోలో ఉన్న మనిషికి ఆ లెక్క చెల్లదు. చర్మం మీద చిన్న గీరుడు పడినా 15 నిమిషాలు సబ్బు రాసి పారే నీటి కింద కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవాలి. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ఇలాంటి చిన్న గాయానికైనా ఇమ్యూనోగ్లోబులిన్‌తో (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) పాటు టీకాల పూర్తి కోర్సు, అదీ కండకు వేసే పద్ధతిలో, ఇవ్వాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ విషయం టీకా గదిలో మీరే నోరు తెరిచి చెప్పాలి, లేకపోతే అందరికీ వేసినట్టే వేసి పంపిస్తారు.

ఇంట్లో పెంపుడు కుక్క ఉంటే కీమో తర్వాత 48 గంటలు బాత్రూం తలుపు వేసి ఉంచండి. వాంతిలో, మూత్రంలో మందు ఉంటుంది, కుక్క నాకుతుంది. శుభ్రం చేసేవాళ్లు గ్లవ్స్ వేసుకోవాలి, ఫ్లష్ రెండుసార్లు కొట్టాలి.

వీధిలో ఇంకో మాట పుడుతుంది: "ఆ కుక్కల వల్లే వచ్చిందంట." కుక్క నుంచి మనిషికి క్యాన్సర్ రాదు. ఈ పుకారుకు మూలం బహుశా టీవీటీ. వీధికుక్కల జననాంగాల మీద కాలీఫ్లవర్ లాగా వచ్చే గడ్డ అది, జత కలిసినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకు అంటుకుంటుంది, అంతవరకే. దానికి వారానికోసారి విన్‌క్రిస్టిన్ అనే కీమో మందు ఎక్కిస్తారు, చాలా కుక్కలకు నాలుగు నుంచి ఆరు వారాల్లో గడ్డ మాయమవుతుంది. మనుషుల క్యాన్సర్లలోనూ వాడే మందే అది. సూది నరం తప్పితే చర్మం కాలిపోతుందని, కుక్క కాలు కదలకుండా పట్టుకున్న అక్కకు ఏ బంధువు కంటే బాగా తెలుసు. ఆమెకు కీమో అంటే ఏమిటో మొదటి నుంచి వివరించబోకండి.

తిరుపతిలో వైద్యానికి స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర 2022లో మొదలైన టాటా వారి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి పోయి రెండో అభిప్రాయం తీసుకోవాలని చిత్తూరు వైపు వాళ్లకు ముందే మనసులో ఉంటుంది, తప్పేం లేదు. పోయేముందు మాత్రం రిపోర్టు కాగితంతో సరిపెట్టుకోక, పెథాలజీ ల్యాబ్‌లో స్లైడ్లు, బయాప్సీ ముక్క దాచిన మైనపు బ్లాక్ అడిగి తీసుకోండి. అవి లేకపోతే అక్కడ మళ్లీ బయాప్సీ అనొచ్చు, వారం పోతుంది. రాష్ట్రం దాటకముందే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడ వర్తిస్తుందో లేదో ఇక్కడి ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే వైద్య మిత్రను అడగండి. ఆధార్, రేషన్ కార్డులో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయేమో ఇప్పుడే చూసుకోండి, అక్షరం తేడా వస్తే అనుమతి దగ్గర ఆగిపోతుంది. అసలు బిల్లులు ఒక్కటీ పారేయొద్దు, ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టుకోవాలంటే జిరాక్సులు పనికిరావు.

డబ్బు దగ్గరే స్నేహాలు చెడతాయి. వైద్యానికి వసూలు చేసేది ఒక ఖాతాలో, కుక్కల తిండికి వచ్చేది ఇంకో ఖాతాలో ఉండాలి. రెండూ కలిస్తే ఆమె ఆ మందు డబ్బుతోనే బియ్యం కొనేస్తుంది, తన గురించి అడగలేని మనిషి కదా. అమెరికా నుంచి పంపుతామంటే పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్ల డబ్బు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని ట్రస్టు ఖాతాలో పడకూడదు. రిపోర్టు ఫొటో పెట్టి చందాలు అడిగేముందు ఆమెను అడగాలి, ఆసుపత్రి నంబరు, ఫోన్ నంబరు చెరిపేయాలి.

జుట్టు రాలడం గురించి ఈ ఊళ్లో కాస్త సులువు. గుండును తిరుపతిలో ఎవరూ తేరిపార చూడరు, మహా అయితే "కొండకు పోయొచ్చినారా?" అంటారు. "మూగజీవాలకు అంత సేవ చేశావు, నీకేం కాదు" అనే మాట మాత్రం మానుకోండి. రేపు స్కాన్ బాగా రాకపోతే తన సేవలోనే ఏదో లోటు ఉందని ఆమె అనుకుంటుంది.

ఆమె లేకపోతే కుక్కల సంగతేమిటని ఆమే అడిగితే "అట్లాంటి మాటలొద్దక్కా" అని నోరు మూయించకండి. పుస్తకం తీసి, ఒక్కో కుక్క పేరు ఎదురుగా అది ఎవరింటికి పోవాలో ఆమె చెప్పినట్టు రాయండి, ఆ ఇంటివాళ్లకు ఆమె ముందే ఫోన్ చేయండి. ఎవరూ ముందుకు రాని ముసలివాటి పేర్ల ఎదురుగా షెల్టర్ అని రాసి మీరు సంతకం పెట్టండి.

తర్వాతి కీమోకు రెండు మూడు రోజుల ముందు, సీబీసీ రక్తపరీక్షలో కణాల కౌంట్లు కోలుకున్నాయని, కుక్కను చూడొచ్చని డాక్టరు చెప్పిన సాయంత్రం ఒకదాన్ని ఇంటికి తీసుకెళ్లండి. టీకాలు పూర్తయిన, నెమ్మదైన పెద్ద కుక్క అయి ఉండాలి. ముందురోజే స్నానం చేయించి, గోళ్లు కత్తిరించి, చెవుల వెనక, వేళ్ల సందుల్లో పేలు, గోమార్లు లేకుండా చూడండి. లోపలికి వద్దు, వరండాలో చాలు. గొలుసు మీ చేతిలోనే ఉండాలి, ముఖం నాకనివ్వకూడదు. అది వెళ్లాక ఆమె చేతులు కడుక్కోవడానికి సబ్బు, చెంబుతో నీళ్లు ముందే అక్కడ పెట్టి ఉంచండి.