మే 8న రక్తదానానికి మన బడి గేటు ఎందుకు తెరుస్తాం

మన హైస్కూల్లో జూనియర్ రెడ్‌క్రాస్ యూనిట్‌ను సోషల్ మాస్టారు చూసుకునేవారు. రెడ్‌క్రాస్‌కు ఆద్యుడైన హెన్రీ డ్యూనాంట్ పేరు నేను మొదట విన్నది ఆయన నోటే. 1859 జూన్ 24న ఇటలీలోని సోల్ఫెరినో దగ్గర పెద్ద యుద్ధం జరిగింది. అల్జీరియాలో తన వ్యాపారం గురించి ఫ్రాన్స్ చక్రవర్తికి మొర పెట్టుకుందామని డ్యూనాంట్ అటు వెళ్ళారు. ఆయన డాక్టరూ కాదు, సైనికుడూ కాదు. పక్కనున్న కాస్టిగ్లియోన్‌లో చర్చి నిండా మూలుగుతున్న క్షతగాత్రుల్ని చూసి అక్కడే ఉండిపోయారు. ఊరి ఆడవాళ్ళు నీళ్ళు మోశారు, కట్లు కట్టారు. ఎవరు ఏ సైన్యమని చూడలేదు, అందరూ అన్నదమ్ములేనన్నారు.

ఆ పాఠం మా దివిసీమ పిల్లలకు పరాయి కథలా అనిపించలేదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు ముక్కుకు గుడ్డ కట్టుకుని శవాలు మోశారని అమ్మమ్మ చెప్పేది. వాళ్ళ పేర్లు ఆమెకు తెలియవు. కాస్టిగ్లియోన్ ఆడవాళ్ళలోనూ ఎంతమంది పేర్లు మనకు తెలుసు?

1863లో జెనీవాలో రెడ్‌క్రాస్‌కు పునాది పడింది. నాలుగేళ్ళకే డ్యూనాంట్ దివాళా తీశారు, ఊరు విడిచి ఏళ్ళ తరబడి పేదరికంలో తిరిగారు. 1901లో మొట్టమొదటి నోబెల్ శాంతి బహుమతిని ఆయనకూ ఫ్రెంచ్ శాంతివాది ఫ్రెడరిక్ పాసీకీ కలిపి ఇచ్చేనాటికి డ్యూనాంట్ స్విట్జర్లాండ్‌లోని హైడెన్ ఆస్పత్రిలో ఒక గదిలో ఉంటున్నారు. ఇది చెప్పేటప్పుడు మాస్టారి గొంతు మారేది.

డ్యూనాంట్ పుట్టినరోజు మే 8. అప్పుడు బడికి సెలవులు, ఫొటోకు దండ వేద్దామన్నా పిల్లలుండరు. మాస్టారు ఆ రోజును పూర్వ విద్యార్థులకు అప్పగించి, రక్తదానం పెట్టమన్నారు. సరిగ్గా ఆ ఎండల్లోనే కాలేజీలు మూసేస్తారు, క్యాంపులు తగ్గిపోతాయి, బ్లడ్ బ్యాంకులో రక్తం నిల్వలు అడుగంటుతాయి. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు మామూలుగా 5 రోజులకు మించి నిల్వ ఉండవు. తలసీమియా అనే పుట్టుకతో వచ్చే రక్త జబ్బు ఉన్న పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. సెలవులని వాళ్ళ ఒంట్లో రక్తం తగ్గకుండా ఆగదు కదా! ప్రపంచ తలసీమియా దినం కూడా మే 8నే. డ్యూనాంట్‌కు ఇంతకంటే తగిన పూజ నాకు తెలియదు.

హిమోగ్లోబిన్ 12.5 లేదని మన అక్కచెల్లెళ్ళను చాలామందిని ప్రతిసారీ వెనక్కి పంపుతారు. వాళ్ళు ఇంటికి వెళ్ళరు. ఒకరు ఫారాలు నింపుతారు, ఒకరు రక్తమిచ్చినవాళ్ళ పక్కన కూర్చుని జ్యూస్ తాగిస్తారు, కళ్ళు తిరిగిన కుర్రాడి కాళ్ళు ఎత్తి పట్టుకుంటారు. రక్తం ఇచ్చినవాళ్ళకు సర్టిఫికెట్ వస్తుంది, వీళ్ళకు ఏదీ రాదు. నేను మాత్రం ముందు నమస్కారం పెట్టేది వీళ్ళకే.

ఈ మేలోనూ క్యాంపు మన బడిలోనే. రక్తం ఇచ్చేవాళ్ళు ఏమైనా తిని రండి. ఇవ్వలేనివాళ్ళూ రండి, మధ్యాహ్నం పూట మనుషులు చాలడం లేదు.