‘ఇయ్యాల ఏం కూర?’ అని ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ అడగట్లేదు

2023 జూన్‌లో, బళ్లు తెరిచిన రెండో వారం, ఒక బుధవారం సాయంత్రం ఫ్రిజ్‌లో కింది డబ్బా లాగితే రెండు కట్టల పాలకూర నల్లబడి నీళ్లు కారుతూ కనిపించింది. పక్కన మెంతికూర పసుపుపచ్చగా వాడిపోయింది, అడుగున ఉన్న బీరకాయలు ముట్టుకుంటే వేలు దిగబడేంత మెత్తబడ్డాయి. అన్నీ ఆదివారం నేను ఎంచి తెచ్చినవే. ఆ మూడు రోజులూ మేం తిన్నది మాత్రం ఆలుగడ్డ, టమాట, మళ్లీ ఆలుగడ్డ. బడి నుంచి వచ్చాక ఆకుకూర తెంపుకుంటూ కూర్చునే ఓపిక నాకు లేదు, ఉన్నవాటిలో ఏది ముందు వండాలో ఆలోచించే ఓపిక అంతకన్నా లేదు. అదంతా తీసి చెత్తబుట్టలో వేస్తుంటే మా అత్తమ్మ చూసి, "పండించినోళ్ల కష్టం తెలుసు బిడ్డా, గిట్ల పారేస్తుంటే పానం ఒప్పుతలేదు" అన్నది. నన్ను తిట్టలేదు. అయినా ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

మేం హన్మకొండలో ఉంటాం, ఇంట్లో ఐదుగురం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్తాను, మా ఆయనకు కాజీపేటలో షిఫ్టుల డ్యూటీ, ఒక వారం పొద్దున వెళ్తే ఇంకో వారం రాత్రికి వెళ్తారు. ఇద్దరు పిల్లలు. అత్తమ్మకు షుగర్. పొద్దున ఏడున్నరకల్లా మూడు డబ్బాలు సర్ది మూతలు పెట్టి ఉండాలి.

వంటంటే నాకు భయం ఎప్పుడూ లేదు. కూర వండడానికి ముప్పావు గంట చాలు, ఏం వండాలో తేల్చుకోవడానికే రోజంతా పట్టేది. పొద్దున డబ్బాలు కడుతూనే రాత్రికేం చేయాలని ఆలోచన, మూడో పీరియడ్‌లో పిల్లలు లెక్క చేస్తుంటే నా తలలో దొండకాయలు ఉన్నాయా లేవా అని లెక్క, సాయంత్రం ఆటోలో కూర్చోగానే ఇంటి నుంచి ఫోన్, "ఇయ్యాల ఏం కూర?" అడిగేవాళ్ల తప్పు లేదు. వాళ్లు ఒక్కసారే అడుగుతారు, నేనే నలుగురికీ నాలుగుసార్లు జవాబు వెతుక్కునేదాన్ని.

అప్పుడు అందరూ చేసే పనే చేశాను. ఫోన్‌లో ఒక వీడియో చూసి నోట్‌బుక్‌లో ఏడు రోజులు, రోజుకు మూడు పూటలు, ఇరవై ఒక్క వంటకాలు గీతలు గీసి రాశాను. సోమవారం సరిగ్గా నడిచింది. మంగళవారం గుత్తివంకాయ అని రాసి ఉంది, ఇంట్లో లేత వంకాయలు లేవు, పల్లీలు వేయించి దంచే టైమూ లేదు. బుధవారానికి ఆ నోట్‌బుక్ తెరవలేదు. అందులో తప్పేంటో కొన్నాళ్లకు తెలిసింది. వంటకాల పేర్లు ముందు రాసి వాటి కోసం కూరగాయలు వెతకడం ఎదురు నడక. మా దగ్గర కూర ఏమిటో తేల్చేది నోట్‌బుక్ కాదు, ఆ రోజు బజారుకు ఏం వచ్చింది, వచ్చినదాంట్లో ఏది ముందు పాడవుతుంది, ఈ రెండే.

అందుకని ఇప్పుడు బజారుకు వెళ్లేటప్పుడు పేర్లు రాసుకుని వెళ్లను. లెక్క మాత్రం పెట్టుకుంటాను. ఆకుకూరలు రెండు రకాలు, మూడు నాలుగు రోజులకు మించి ఆగనివి మూడు రకాలు, వారం దాకా నిలిచేవి రెండు రకాలు. టమాట, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర ఎలాగూ ఉంటాయి, ఒక డజను గుడ్లు. ఆ లెక్కలోకి ఏ కూరగాయ వస్తుందో బజారే చెప్తుంది. చలికాలంలో చిక్కుడుకాయ కుప్పలు పోస్తారు, అప్పుడు రెండు రకాల చిక్కుడు తెచ్చినా నష్టం లేదు. మే నెలలో ఆకుకూర రేటు చూస్తే భయమేస్తుంది, తెచ్చినా పొద్దు తిరిగేసరికి వాడిపోతుంది, అప్పుడు మామిడికాయ పప్పు, దోసకాయ, సోరకాయ మీద నడుపుతాను.

ఆదివారం పొద్దున్నే రైతు బజారుకు వెళ్తాం, నేనూ బాబూ. రైతే తన పంటను నేరుగా అమ్ముకోవాలని 1999లో ఈ బజార్లు పెట్టారు కదా, నాకు అందులో పెద్ద సౌకర్యం ఏంటంటే ఎప్పుడు తెంపినవో అమ్మే ఆమెనే అడగొచ్చు. "రాత్రి తెంపిన బిడ్డా" అంటే ఆ తోటకూర రెండు రోజులు ఆగుతుంది. మొన్నటిది అయితే ఆ రాత్రికే వండేస్తాను. వారం ప్లానంతా ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటుంది, రేటు కన్నా ఇదే ముందు అడుగుతాను.

ఇంటికొచ్చాక హాల్లో పాత చీర పరిచి అన్నీ దాని మీద పోస్తాం. ఏది ముందు పోతుందో ఆ వరుసలో పెడతాం. ఈ పని పిల్లలకు అప్పజెప్పాను, లెక్కల టీచర్‌ని కాబట్టి కావచ్చు, వరుస పెట్టడం వాళ్లకు రావాలని నా ఆశ. మొదటి వరుసలో పాలకూర, మెంతికూర, గంగవాయిలి కూర లాంటివి, ఆ వారం ఏవి తెస్తే అవి. రెండో వరుసలో బెండకాయ, బీరకాయ, చిక్కుడు, గోకరకాయ, వంకాయ. మూడో వరుసలో దొండకాయ, కాకరకాయ, క్యాబేజీ, కోయని సోరకాయ. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ ఫ్రిజ్ బయట గాలి తగిలే చోట. అలా పెట్టగానే ప్లాన్ సగం అయిపోయినట్టే, మొదటి వరుస సోమ, మంగళ. రెండో వరుస బుధ, గురు. మూడోది శుక్రవారం దాకా ఆగుతుంది. పాత క్యాలెండర్ కాగితం వెనకాల రోజు పేరు, ఎదురుగా కూరగాయ పేరు, అంతే రాసి ఫ్రిజ్ తలుపుకు అంటిస్తాను. వంటకం పేరు రాయను.

మరి వేపుడా పులుసా అని మళ్లీ ఆలోచన మొదలవదా అని మా తోటి టీచర్ అడిగింది. దానికి ఒకటే కట్టుబాటు, ఒక పొడి కూర ఉంటే దానితో ఒక పలచనిది. బెండకాయ వేపుడు చేస్తే పప్పుచారో పచ్చిపులుసో. పాలకూర పప్పు చేస్తే ఇంకేమీ వద్దు, తొక్కు, అప్పడం చాలు. పచ్చిపులుసును పొయ్యి మీద మరిగించే పని కూడా లేదు, చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, నువ్వుల పొడి కలిపితే పది నిమిషాల పని, అలసిపోయిన రోజున నన్ను కాపాడినంతగా ఇంకే వంటా కాపాడలేదు. పప్పు ఉడికించే రోజు గ్లాసుకు బదులు గ్లాసున్నర పోస్తాను, ఎక్కువైనదాన్ని పోపు పెట్టకముందే వేరే గిన్నెలోకి తీసి చల్లారగానే ఫ్రిజ్‌లో పెడితే మరుసటి రోజు పప్పుచారుకు కుక్కర్ ఎక్కించే పనిలేదు.

రెండు పూటలు కావాలనే ఖాళీగా వదిలేస్తాను. నిండుగా రాసిన ప్లాన్ ఎవరింట్లోనూ నిలవదని నా నమ్మకం, ఎవరో వస్తారు, ఎవరికో ఒంట్లో బాగుండదు, పక్కింటి వాళ్లు గిన్నెడు కూర పంపిస్తారు. బుధవారం రాత్రి ఖాళీ, అప్పటిదాకా మిగిలినవి కలిపి ఏదో ఒకటి. శనివారం రాత్రి ఖాళీ అంటే నా వైపు నుంచి ఖాళీ, ఆ పూట అత్తమ్మది. శనివారాలు ఆమె ఒక్కపొద్దు ఉంటుంది, డాక్టర్ చెప్పినట్టు పగటి భోజనం మానకుండా రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె తింటుంది, అదే మా అందరికీ. ఒక్కోసారి సర్వపిండి పెడుతుంది, మా వైపు గిన్నప్ప అని కూడా అంటారు, బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ కారం కలిపి మందపాటి గిన్నెకు ఒత్తి సన్న సెగ మీద కాలుస్తుంది. పిల్లలు వారమంతా దానికోసం చూస్తారు, అది కూడా ప్లానే కదా!

ఆదివారం పగలు చికెన్, అందులో చర్చ లేదు.

అదే రోజు సాయంత్రం ఒక గంట మాత్రం కూర్చుంటాం. ఆకుకూర తెంపి, కడగకుండా పొడి గుడ్డలో చుట్టి పెట్టడం, ఎల్లిగడ్డ ఒలవడం, నువ్వులు పల్లీలు వేయించి పొడి కొట్టడం, దోశ పిండి రుబ్బడం. గ్లాసు మినపపప్పుకు మూడు గ్లాసుల బియ్యం, చెంచాడు మెంతులు. చలికాలంలో రాత్రంతా బయట ఉంచినా పొంగడం కష్టం, మే నెలలో అయితే ఐదారు గంటలకే పులిసిపోతుంది, పడుకునే ముందు తప్పకుండా చూసి లోపల పెట్టాలి. ఆ పిండి సోమ, మంగళవారాలు దోశలు, బుధవారానికి పుల్లబడితే ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి గుంతపొంగనాలు. మిగిలిన మూడు రోజులూ ఉప్మా, అటుకులు, పోపన్నం. కూరగాయలన్నీ ఆదివారమే కోసి డబ్బాల్లో పెట్టమని చాలామంది చెప్తారు. నేను చేసి చూశాను, వంకాయ నల్లబడింది, బీరకాయ నీరు వదిలింది, రుచి పోయింది. ముందు రోజు రాత్రి మరుసటి పూటకు సరిపడా కోసుకోవడమే మాకు కుదిరింది.

2023లోనే, జులై ఆఖరులో వరంగల్, హన్మకొండల్లో కాలనీలు నీట మునిగిన వానలు గుర్తుండే ఉంటాయి. మా గల్లీలోకి నీళ్లు రాలేదు కానీ రెండు రోజులు ఎటూ కదల్లేకపోయాం. ఇంట్లో సగం సోరకాయ, నాలుగు ఉల్లిగడ్డలు ఉన్నాయి. అత్తమ్మ అటక మీది డబ్బా దింపించింది, ఎండాకాలంలో ఆమె కోసి ఎండబెట్టిన కాకర వరుగులు, వంకాయ వరుగులు అందులో ఉన్నాయి. వరుగుల పులుసు, పెసరపప్పు, మామిడి తొక్కుతో ఆ రెండు రోజులు ఏ లోటూ లేకుండా గడిచాయి. అప్పటి నుంచి ఒక అర పూర్తిగా దానికే కేటాయించాను. కందిపప్పు, పెసరపప్పు, చింతపండు, నువ్వులు, పల్లీలు, వరుగులు, అటుకులు, బజారు మొహం చూడకుండా మూడు రోజులు గడిచేంత ఎప్పుడూ ఉండాలి. 2024 ఫిబ్రవరిలో మేడారం జాతరకు వెళ్తూ బంధువులు నలుగురు రాత్రి మా ఇంట్లో దిగినప్పుడు కూడా ఆ అరే ఆదుకుంది, పప్పులో ఇంకో గ్లాసు పోశాను, గుడ్లు ఉడకబెట్టాను, పెద్ద గిన్నెడు పచ్చిపులుసు కలిపాను. కాగితం మీద ఆ రోజు దొండకాయ అని ఉంది, దాన్ని కొట్టేసి మరుసటి రోజుకు జరిపాను, అంతకుమించి టెన్షన్ ఏమీ పడలేదు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు కూరగాయలకు వారానికి 700, 800 మధ్య అవుతోంది. అంతకుముందు ఆదివారం అంత పెట్టీ, మళ్లీ వారం మధ్యలో తోపుడు బండి దగ్గర ఎక్కువ రేటుకు కొనీ, ఏ గురువారమో చేతకాక బయటి నుంచి పార్సిల్ తెప్పించేవాళ్లం.

కానీ నాకు అన్నిటికన్నా సంతోషమైంది ఇంకొకటి. కాగితం అంటించిన మూడో వారం అనుకుంటా, పొద్దున షిఫ్టు ముగించుకుని మా ఆయన మధ్యాహ్నమే ఇంటికి వచ్చారు. నేను సాయంత్రం తలుపు తీసేసరికి చిక్కుడుకాయలు ఈనెలు తీసి, కడిగి, గిన్నెలో సిద్ధంగా ఉన్నాయి, బియ్యం నానుతున్నాయి. "గురువారం చిక్కుడు అని రాసి ఉంది కదా" అన్నారు. ఇన్నేళ్లూ ఆయన చేయనని కాదు, ఏం చేయాలో నా తలలో తప్ప ఇంకెక్కడా లేదు. అడిగితే నేను చెప్పాలి, చెప్పడం కన్నా చేసుకోవడమే తేలికని నేనే చేసుకునేదాన్ని. ఇప్పుడు పాప కూడా చూసి టమాటలు తీసి పెడుతుంది. పిల్లలిద్దరికీ వారానికి ఒక్క పేరు కొట్టేసే హక్కు ఇచ్చాం, పాప ప్రతిసారీ కాకరకాయే కొట్టేస్తుంది, అత్తమ్మకు అదే కావాలి కాబట్టి ఆమెకొక్కదానికి రెండు కాయలు వేయిస్తాను, ఆ రోజు మాకు గుడ్డు.

మీ ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే గీతలు గీయకండి, ముందు ఈ ఆదివారం తెచ్చిన కూరగాయల్ని నేల మీద వరుస పెట్టి చూడండి. చిన్న కుటుంబమైతే నా లెక్కలో సగం చాలు. రోజూ సాయంత్రం గల్లీలోకి తాజా కూరగాయల బండి వచ్చేవాళ్లయితే వారానికి కాకుండా మూడు రోజులకే రాసుకోండి, అది ఇంకా తేలిక.

ఈ వారం కాగితం మీద శుక్రవారం దగ్గర ఏమీ రాయలేదు. పరకాల నుంచి మా అమ్మ వస్తోంది, వచ్చేటప్పుడు చేన్లోంచి పుంటికూర తెంపుకొస్తానని నిన్న ఫోన్‌లో చెప్పింది.