చెంబు పట్టుకుని పరుగెత్తినవాణ్ణి

“దాన్ని లోపల పెట్టు. ఈ క్షణమే.”

ఎదురింటి పెద్దాయన నాతో ఆ గొంతుతో మాట్లాడటం ఆరేళ్ళలో అదే మొదటిసారి. ఆయన నన్ను పేరు పెట్టి పిలుస్తారు, తననూ అలాగే పిలవమంటారు. డెబ్బై దాటిన మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాదు. అందుకని ఇన్నేళ్ళూ ఏ పిలుపూ లేకుండానే నెట్టుకొస్తున్నాను.

అది 2025 జనవరి 9, గురువారం. మధ్యాహ్నం మూడు దాటింది. మా ఇల్లు లాస్ ఏంజలెస్ నగరానికి వాయవ్య మూల, వెస్ట్ హిల్స్‌లో. మంగళవారం నుంచీ సముద్రం ఒడ్డున ఉన్న పాలిసేడ్స్ పేట తగలబడుతూనే ఉంది కానీ అది మాకు కొండల అవతలి సంగతి. ఆ మధ్యాహ్నం మాత్రం పొగ మా వీధి చివరి నుంచే లేచినట్టు కనబడింది. చూస్తుండగానే దానికి కెనెత్ అని పేరు కూడా పెట్టేశారు. ఇక్కడ కార్చిచ్చులకూ బారసాల జరుగుతుంది.

ఆఫీసు పని ఆపేసి, అలమరలోంచి డ్రోను తీసి వాకిట్లో పెట్టాను. మా తమ్ముడి పెళ్ళి కోసం కొన్న చిన్న డ్రోను. మంట ఎంత దూరంలో ఉందో, గాలి దాన్ని ఎటు తోస్తోందో చూసి వీధివాళ్ళందరికీ ఫోనులో పంపుదామని నా ఉద్దేశం. రెక్కలు తిరగడం మొదలైంది. సరిగ్గా అప్పుడే ఆయన రోడ్డు దాటి వచ్చి, మా ఆవిడా పిల్లవాడూ గుమ్మంలో ఉండగా ఆ మాట అన్నారు. తరవాత వేలు పైకెత్తి చూపించారు. పొగలోంచి ఒక హెలికాప్టరు వంగి వస్తోంది, దాని వెనక ఇంకొకటి. “నీది లేచిందంటే వాళ్ళు వెళ్ళిపోవాలి.” అంతే, వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు.

ఒకప్పుడు కార్చిచ్చుల దళంలో పారా గొడ్డలీ పట్టుకుని నేల మీద పనిచేసిన మనిషి ఆయన. ఆ సంగతి తెలిసీ నాకు ఒళ్ళు మండింది. నేనేమైనా తమాషా చూడటానికి తీశానా? పిల్లవాడి ముందు దొంగను పట్టుకున్నట్టు మాట్లాడాలా? మా ఆవిడతో వాదిస్తూనే ఉన్నాను. ఆవిడ పాస్‌పోర్టులూ బంగారమూ ఒక సంచీలో సర్దుకుంటూ, “ముందు కారు వెనక్కి తిప్పి పెట్టండి” అంది. నాలుగింటికి ఖాళీ చేయమన్న హెచ్చరిక ఫోన్లలో మోగింది. పొరపాటున కోటి జనాభా ఉన్న కౌంటీ అంతటికీ మోగిందట. మా వీధికి మాత్రం అది అంత పొరపాటనిపించలేదు.

ఆ రాత్రి వార్తల్లో చూశాను. అదే రోజు మధ్యాహ్నం, నేను అలమర తెరవడానికి కాస్త ముందు, పాలిసేడ్స్ మీద నీళ్ళు పోస్తున్న విమానానికి ఎవరిదో డ్రోను తగిలింది. ఎడమ రెక్కకు చిల్లు. మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు. పైలట్లు క్షేమంగా దిగారు కానీ విమానం కొన్ని రోజులు షెడ్డులోనే ఉండిపోయింది. కెనడాలోని క్విబెక్ ప్రభుత్వం నుంచి 1994 మొదలుకుని ఏటా మంటల కాలానికి ఇక్కడికి అద్దెకు వస్తున్న జంట విమానాల్లో అది ఒకటి. పడవ లాంటి పొట్ట దానికి. ఎండాకాలం పిట్టలు చెరువు మీద ముక్కు తడుపుకుంటూ ఎగిరిపోయినట్టు, సముద్రాన్ని పొట్టతో రాసుకుంటూ 12 సెకన్లలో 6 వేల లీటర్లకు పైగా తోడుకుని మళ్ళీ లేస్తుంది. అలాంటివి రెండు ఉంటే ఒకటి కూర్చుండిపోయింది.

ఆ డ్రోను మనిషి కూడా నాలాంటివాడే. ఒక పార్కింగు భవనం పైకెక్కి, మంట ఎలా ఉందో చూద్దామని పంపాడు. రెండున్నర కిలోమీటర్లు వెళ్ళాక అది అతని కంటికే ఆనలేదు. తరవాత కోర్టులో తప్పు ఒప్పుకుని, 150 గంటల సేవకూ, 65 వేల డాలర్ల మరమ్మతు ఖర్చుకూ తల ఒగ్గాడు. చదువుతుంటే నా అరచేతులకు చెమట పట్టింది.

అయినా నా లోపలి వాదన ఆగలేదు. దివిసీమలో పుట్టినవాణ్ణి. ఎండాకాలం మధ్యాహ్నం “ఇల్లంటుకుంది” అన్న కేక వినబడితే, ఎవరిది, ఎంత దూరం అని అడగకుండా చేతికందిన గిన్నె పట్టుకుని పరుగెత్తాలన్నది మాకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. కాలవ నుంచి ఇంటి దాకా వరస కట్టేవాళ్ళం. పెద్దవాళ్ళకు బిందెలు, ఆడపిల్లలకు తప్పేళాలు, మాలాంటి ఏడెనిమిదేళ్ళవాళ్ళకు చెంబులు. సగం దారిలోనే ఒలికిపోయే నా చెంబుతో ఏ మంట ఆరిందో నాకు తెలియదు. కానీ ‘తప్పుకో’ అని నన్ను ఎవరూ అనలేదు. అక్కడ రానివాణ్ణే ఏళ్ళ తరబడి గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ వచ్చినవాడే నేరస్థుడు. ఈ లెక్క నా బుర్రకు ఎక్కుతోంది కానీ గుండెకు ఎక్కడం లేదు.

మర్నాడు అమ్మ వీడియో కాల్ చేసింది. మా కెనెత్ అప్పటికి నెమ్మదించింది, మా చుట్టుపక్కల ఇళ్ళకేమీ కాలేదు. ఆవిడ చూస్తున్నది పాలిసేడ్స్ మంటల వార్తలు.

“కొండల మీద ఆ ఎర్రటిది ఏమిటిరా, కుంకుమ కుమ్మరించినట్టు?”

“మందు అమ్మా. అమ్మోనియం ఫాస్ఫేటు. మన డీఏపీ జాతే. ఎక్కడ పడిందో పైన విమానాల్లో ఉన్నవాళ్ళకు తెలియాలని ఎర్ర రంగు కలుపుతారు.”

“మంట మీద ఎరువు చల్లుతారా?”

“మంట మీద కాదు. మంట రాబోయే దారిలో, ఇంకా అంటుకోని చెట్ల మీద పోస్తారు. దాంతో ఆరిపోదు, నెమ్మదిస్తుంది. ఆ లోపల నేల మీదవాళ్ళు వచ్చి ఆర్పుకోవాలి.”

అమ్మ కాసేపు ఆలోచించింది. “మీ నాన్న పక్కిళ్ళ తాటాకు పీకినట్టన్నమాట.”

నేను మరిచేపోయాను. మేము బిందెలతో పరుగెత్తేటప్పుడు నాన్న కాలుతున్న ఇంటి వైపే చూసేవాడు కాదు. గాలివాటున ఉన్న ఇంటి పైకప్పు ఎక్కి, కింద ఆ ఇంటావిడ శాపనార్థాలు పెడుతుంటే, బాగున్న తాటాకును కొడవలితో కోసి కిందికి విసిరేసేవాడు. తడి గోనెలు పరిచేవాడు. అసలు పని అక్కడ జరిగేది.

ఇక్కడా అంతేనని తరవాత చదివి తెలుసుకున్నాను. 35 వేల లీటర్ల మందు మోసే పెద్ద డీసీ-10 జెట్టు కూడా తనంతట తాను వచ్చి కుమ్మరించదు. అందరికంటే పైన ఒక చిన్న విమానం చక్కర్లు కొడుతూ ఎవరు ఎప్పుడు రావాలో చెబుతుంది. ఇంకొకటి ముందు ఎగిరి దారి చూపిస్తుంది. చెట్లకు 60 మీటర్ల పైన, పొగలో, కొండ గాలిలో సాగే పని అది. మంగళవారం రాత్రి గాలి గంటకు 130 కిలోమీటర్లు దాటి వాటన్నిటినీ నేల మీదే కట్టిపడేసింది. అంత గాలిలో పోసిన నీళ్ళు తుంపరలై పక్కకు కొట్టుకుపోతాయి. ఆ రాత్రే వీధులకు వీధులు పోయాయి. గాలి కాస్త కరుణించి దొరికిన ఒక్కొక్క గంటలో, లెక్కలో లేని డ్రోను ఒక్కటి కనబడినా అందరూ పక్కకు తప్పుకోవాల్సిందే.

ఇంకొక సంగతి నాకు భలే నచ్చింది. విమానంతో మంటలార్పే ఈ విద్య మొదలైంది ఈ కాలిఫోర్నియాలోనే, 1955లో, విల్లోస్ అనే ఊళ్ళో. పొలాలకు మందు కొట్టే రెండంతస్తుల రెక్కల స్టియర్‌మన్ విమానానికి 170 గ్యాలన్ల తొట్టి బిగించి నిప్పు మీద పోశారు. విల్లోస్ చుట్టూ వరి చేలే. అంటే ఇదీ వరి పండించేవాళ్ళ ఊరి తెలివేనన్నమాట! మా ఆవిడకు ఇది మూడుసార్లు చెప్పాను. ఆవిడ రెండోసారికే లేచి వెళ్ళిపోయింది.

శనివారం ఉదయం తలుపు చప్పుడైంది. పెద్దాయన నిచ్చెనతో నిలబడి ఉన్నారు. గురువారం ఊసు ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. చూరు వెంట వాన నీళ్ళు పోయే రేకు కాలవలో ఎండుటాకులు నిండిపోయాయట. ఎగిరొచ్చే నిప్పురవ్వకు అంతకంటే మంచి చోటు ఉండదట. తన మోకాళ్ళు ఇక నిచ్చెన ఎక్కనివ్వవట. ముందు మా ఇంటిది, తరవాత ఆయన ఇంటిది. నేను పైన గుప్పెళ్ళతో తోడి పోస్తుంటే ఆయన కింద ఒక చేత్తో నిచ్చెనా ఇంకొక చేత్తో సంచీ పట్టుకున్నారు. రెండిళ్ళకు కలిపి తొమ్మిది సంచులయ్యాయి.

ఆయన ఇంటి పైకప్పు మా దానికంటే ఎత్తు. అక్కడ నడుము నిలబెట్టుకోవడానికి లేస్తే ఆగ్నేయాన, ఎన్సినో కొండల వెనక నుంచి పొగ లావుగా లేస్తోంది. ముందు రాత్రి పాలిసేడ్స్ మంట ఇటు మళ్ళిందని విన్నదే. దాని ముందు ఈగల్లాగా హెలికాప్టర్లు, ఒకదాని వెనక ఒకటి. అక్కడి జలాశయంలోకి తొండం దించి నీళ్ళు పీల్చుకోవడం పొద్దున టీవీలో చూశాను. పోసేది పోయడం, తిరిగి వరసలోకి రావడం.

“పైనుంచి ఏమైనా కనబడుతోందా?” అని కింద నుంచి ఆయన అడిగారు.

“కనబడుతోంది.”

“ఎంత దూరం? గాలి ఎటు తోస్తోంది?”

చెప్పాను.