బోరు కింది వరి: పైపు కంటే ముందు స్టార్టర్ డబ్బా చూడండి

వరి మడిలో నాటు నుంచి కోత దాకా ఎప్పుడూ నీళ్లు నిలిపే ఉంచకుండా, మధ్యమధ్య ఆరనిచ్చి మళ్లీ పెట్టడాన్ని తడి-పొడి పద్ధతి అంటున్నారు. వాతావరణ మార్పు గురించి మాట్లాడేవాళ్లకు ఇది బాగా ఇష్టమైన పద్ధతి. నీళ్ల కింద గాలి తగలని బురదలో సూక్ష్మజీవులు భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును తయారుచేస్తాయి. అందులో ఎక్కువ భాగం వరి మొక్క లోపలి గాలి గొట్టాల గుండానే బయటికొస్తుంది. పంటకాలంలో పలుమార్లు మడి ఆరితే ఈ వాయువు దాదాపు సగానికి తగ్గుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందం ఐపీసీసీ లెక్క. ఈ పద్ధతి నేర్పడానికి ఊళ్లకు వెళ్లే సిబ్బంది ఇదంతా మూడెకరాల బోరు రైతుకు చెప్తే మర్యాదకు తలూపుతాడు, అంతే. కరెంటు బిల్లు తగ్గుతుందని చెప్పడానికీ లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు పథకం మొదలైంది. బిల్లే రానప్పుడు పొదుపు ఎక్కడిది?

యాసంగి వరి పెట్టే ఊళ్లో రైతు చెవికెక్కే మాట ఒక్కటే. మార్చిలో, గింజ పాలు పోసుకునే వేళకు బోరు తగ్గిపోవడం. జనవరి, ఫిబ్రవరుల్లో అవసరం లేకుండా పారించిన నీళ్లే అప్పుడు కరువవుతాయి. "ఇంకిన నీళ్లు మళ్లా భూమిలకే పోతయి కదా సారూ" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. మంచి ప్రశ్న, దాటేయకండి. కొంత నిజమే, ఇంకిన నీటిలో ఒక వంతు భూగర్భానికి చేరుతుంది. అయితే అది ఎన్నాళ్లకు చేరుతుందో, రాతి పొరల్లో ఎవరి బోరువైపు పోతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. ఆ నీళ్లనే పైకి తోడడానికి మోటరు మళ్లీ తిరగాలి. కాలిపోయిన మోటరుకు వైండింగ్ చేయించిన రైతుకు ఈ జవాబు వెంటనే అర్థమవుతుంది.

అందుకే మడిలో నీరు ఎంత లోతుకు దిగిందో చూసే పైపులు పంచే ముందు ప్రతి బోరు దగ్గరి స్టార్టర్ డబ్బా తెరిచి చూడాలి. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు వచ్చినప్పుడల్లా మోటరు తనంతట తానే లేస్తుంది. అలాంటిచోట మడిలో ఎన్ని పైపులు పాతినా ఉత్తదే. తీసేయమని గతంలో ప్రభుత్వమే చెప్పినా చాలాచోట్ల అలాగే ఉన్నాయి. రైతును తప్పుపట్టడానికి లేదు, రాత్రిపూట పాములున్న గట్ల మీద నడిచి మీట నొక్కే బాధ అతనిది. సిమ్ కార్డుతో నడిచే మొబైల్ స్టార్టర్ గానీ, మామూలు టైమర్ గానీ పెట్టించగలిగితే సగం పని అయినట్టే. పైపు చూసే మనిషీ మోటరు ఆన్ చేసే మనిషీ ఒకరే కావాలి. చాలా ఇళ్లలో మడి దగ్గర ఉండేది ఆడవాళ్లు. మీటింగుకు మాత్రం మగవాళ్లను పిలుస్తారు.

రెండో పని బోరు ఎంత పోస్తుందో కొలవడం. 200 లీటర్ల డ్రమ్ము పెట్టి ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడాలి. 72 సెకన్లు పడితే గంటకు 10 వేల లీటర్లు. ఎకరం మడిలో 5 సెంటీమీటర్ల నీళ్లు నిలవాలంటే సుమారు 2 లక్షల లీటర్లు కావాలి, అంటే ఈ బోరుకు 20 గంటలు. దారిలో ఇంకేదీ, ఆరిన నేల తాగేదీ వేరే. మూడెకరాలు ఒక చుట్టు పారాలంటే 60 గంటలు దాటుతుంది. పుస్తకాల్లో "పైపులో నీరు నేల మట్టానికి 15 సెంటీమీటర్ల కిందికి దిగాక తడి పెట్టాలి" అని రాసి ఉంటుంది. ఈ రైతు అన్ని మళ్లలోనూ అంతవరకు ఆగితే చివరి మడికి నీళ్లు అందేసరికి అది నెర్రెలిచ్చి ఉంటుంది. అతను మొదటి మడిలో 8, 10 సెంటీమీటర్లు దిగగానే వంతు మొదలుపెట్టాలి. చెప్పినట్టే చేశానని రైతూ, చెప్పింది సరిగానే చెప్పామని సిబ్బందీ అంటుండగా పంట దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

ఇక పైపు. 4 అంగుళాల పీవీసీ పైపును 30 సెంటీమీటర్ల ముక్కలుగా కోస్తే 3 మీటర్ల పొడవులో 10 వస్తాయి. చెయ్యి పెట్టి మట్టి తీయాలి కాబట్టి 6 అంగుళాలదైతే ఇంకా సుఖం. ఒక కొసన 10 సెంటీమీటర్లు వదిలి, మిగతా 20 సెంటీమీటర్ల మేర చుట్టూ 5 మిల్లీమీటర్ల బొక్కలు, 2 సెంటీమీటర్ల ఎడంలో పెట్టాలి. బొక్కలున్న భాగమంతా నేలలోకి దిగేలా పాతి, లోపలి మట్టిని అడుగు దాకా తీసేయాలి. తర్వాత తడి పెట్టినప్పుడు లోపలి నీటిమట్టం, బయటి మట్టం ఒకటిగా ఉన్నాయో లేదో చూడండి. లేవంటే బొక్కలు బురదతో మూసుకుపోయినట్టే, ఆ పైపు చెప్పేదంతా అబద్ధం. మడిలో మరీ పల్లంలోనో మెరకలోనో కాకుండా, గట్టు నుంచి అందేంత దూరంలో పాతాలి. పక్కన ఒక కర్ర గుచ్చితే కలుపు తీసేవాళ్ల కాలికి తగలకుండా ఉంటుంది.

నాటేసిన రోజు నుంచే ఆరబెట్టమని చెప్పకండి. మొదటి రెండు మూడు వారాలు పలుచగా నీళ్లుంటేనే కలుపు అదుపులో ఉంటుంది. నాటిన 3 నుంచి 5 రోజుల్లో ఎకరానికి 500 మిల్లీలీటర్ల ప్రెటిలాక్లోర్ కలుపుమందును 20 కిలోల ఇసుకలో కలిపి, పలుచటి నీటిలో చల్లాలి. ఆ మందు పనిచేయాలంటే పైన నీటి పొర ఉండాలి. ఈ పద్ధతిని రైతు మధ్యలో వదిలేశాడంటే కారణం చాలావరకు కలుపే.

ఆ తర్వాత పైపు చెప్పినట్టు నడవాలి. చెల్క నేలల్లో మూడు నాలుగు రోజులకే నీరు దిగిపోతుంది, బరువు నేలల్లో వారం పట్టొచ్చు. అందుకే ఊరంతటికీ "అయిదు రోజులకో తడి" అని ఒకే లెక్క చెప్పడం తప్పు. ఈనడానికి వారం ముందు నుంచి పూత అయ్యాక వారం దాకా ఆరబెట్టే ఊసే వద్దు, 5 సెంటీమీటర్లు నిలబెట్టాల్సిందే. నాటు ఆలస్యమైన మళ్లలో పూత సమయానికి ఎండలు 35 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు నీళ్లు కూడా లేకపోతే తాలు గింజలే.

యూరియా దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. నీళ్లు దిగి పదునుగా ఉన్నప్పుడు చల్లి, అదే రోజు తడి ఇస్తే మందు వేర్ల దగ్గరికి దిగుతుంది. చల్లి, రోజుల తరబడి ఆరనిచ్చి, ఆ తర్వాత నీళ్లు నింపితే నైట్రేటుగా మారిన నత్రజని వాయువుగా లేచిపోతుంది. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్, అదీ మీథేన్ లాగే భూమిని వేడెక్కించేదే. అంటే రైతు డబ్బూ పోయె, మీథేన్ తగ్గించి సాధించిన దాంట్లో కొంతా పోయె.

నల్లరేగడిలో వెంట్రుక వాసి పగుళ్లు వస్తే ఫరవాలేదు. వేలు దూరేంత నెర్రెలు రానివ్వకూడదు, తర్వాత పెట్టిన నీళ్లు వాటి గుండానే కిందికి పోతాయి. అలాంటిచోట 10 సెంటీమీటర్ల దగ్గరే తడి పెట్టడం మంచిది. చౌడు మళ్లలో ఈ పద్ధతి వద్దు, ఆరితే ఉప్పు పైకొస్తుంది. చెల్కల్లో లేత ఆకులు పాలిపోతే ఇనుప ధాతువు లోపం కావొచ్చు, అన్నభేది, నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేయిస్తారు. మడి ఆరితే ఎలుకలకు పండగ. ఎండ్రకాయలు గట్టుకు బొక్కలు పెడితే నీళ్లు పక్కవాళ్ల మడిలోకి పోతాయి, పైపు మాత్రం నేల తాగేసిందన్నట్టు చూపిస్తుంది. గట్లు చెక్కి మెత్తకపోతే కొలతలన్నీ వృథా.

చెరువు, కాలువల కింద కథ వేరు. మడి నుంచి మడికి నీళ్లు దిగే చోట ఒక్క రైతు తన మడిని ఆరబెట్టుకోలేడు. అక్కడ మాట్లాడాల్సింది తూము తిప్పే నీరటితో, ఆయకట్టు రైతులందరితో. కింది మడివాళ్లకు నీళ్లు రాని ఊళ్లో అయితే ఈ వాదన త్వరగా నెగ్గుతుంది, పైవాళ్లు ఒప్పుకోవాలంతే.

ఇప్పుడు కార్బన్ క్రెడిట్ల పేరుతో, అంటే ఇలాంటి వాయువులు తగ్గించినందుకు డబ్బు ఇప్పిస్తామంటూ, సంస్థలు ఊళ్లకు వస్తున్నాయి. డబ్బు ఆశ చూపి పద్ధతి మొదలుపెట్టించడం నాకు నచ్చదు. ఆ డబ్బు రావడానికి ఏళ్లు పట్టొచ్చు, రాకనూపోవచ్చు. అయినా చేరుతామంటే ఒప్పందంలో చూడాల్సినవి ఇవి: ఎన్నేళ్లు కట్టుబడి ఉండాలి, మధ్యలో మక్కకు మారితే ఏమవుతుంది, ఎకరానికి ఎంత, ఎప్పుడు. అన్నిటికన్నా ముఖ్యం సంతకం ఎవరిదన్నది. పాసుపుస్తకం పట్టాదారుది, పొద్దున్నే వెళ్లి పైపులో నీళ్లు చూసేది కౌలు రైతు. అతని వాటా ఎంతో అదే కాగితం మీద రాయించాలి. పట్టాదారు ఊళ్లో ఉండకపోతే నాట్లకు ముందే ఫోన్ చేసి తేల్చుకోవాలి, కోతలయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.